ఉప్పు బండ

బొల్లిగాడు నిన్న మధ్యాహ్నం నుంచి ఉచ్చ పోయలేదు. నడుం వంచి నిలబడతాడు, తోక ఆడిస్తాడు, పళ్లు నూరుతాడు, ఒక్క చుక్క రాలదు. ఈ నెలలోనే రెండు పొట్టేళ్లు ఇలాగే ముక్కి ముక్కి పోయాయి. ఇది మూడోది. లోకనాథానికి ఏడుపు కూడా రావడం లేదు, అంత అలిసిపోయాడు.

లోకనాథం పుట్టుకతో గొర్రెలవాడేం కాదు. మగ్గం మీద పట్టుచీరలు నేసి నేసి విసిగి, కొండ కింద ముత్యాలప్ప సామి మఠం చేరాడు. ముత్యాలప్ప సామి కురుబాయన. ముప్పై ఏళ్లు గొర్రెలు మేపుకుంటూనే అడిగినవాళ్లకి జ్ఞానం చెప్పాడు. మోకాళ్లు పట్టేశాక కొండెక్కడం మానుకున్నాడు. అప్పట్నుంచి, అంటే ఏడాదిన్నరగా, జనం మొక్కుకుని వదిలిన పొట్టేళ్లను చూసుకునే పని శిష్యుడి మీద పడింది.

చూసుకోవడమంటే మామూలుగానా! ఎండకి తిరిగితే చిక్కిపోతాయని దొడ్డి కట్టించి అందులోనే పెట్టాడు. పూటపూటకీ మొక్కజొన్నలూ తవుడూ. సామి పొట్టేళ్లకి ఎండు చొప్ప వేయడమంటే తనకే నామోషీ. నీళ్లు మాత్రం పొద్దున ఒక్కసారే, అదీ కొలిచినట్టు పోసేవాడు. దర్శనానికొచ్చినవాళ్లు ఉచ్చకంపుకి ముక్కు మూసుకోకూడదని అతని బాధ. దొడ్డి నేల చీర పరుచుకునేంత పొడిగా ఉండేది. వచ్చినవాళ్లు పొట్టేళ్ల వీపు నిమిరి ఏం మేపావయ్యా అంటే చాలు, మనిషి ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు.

మొదటిది చచ్చినప్పుడు దిష్టి అనుకున్నాడు. రెండోది పోయాక దొడ్డికి గుమ్మడికాయ కట్టాడు. గుమ్మడికాయ వేలాడుతూనే ఉంది, బొల్లిగాడు కూలబడ్డాడు.

పొద్దున పక్క ఊరి నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పొట్టేలును పిర్రల మీద కూర్చోబెట్టించి, మత్తు సూది వేసి, ఉచ్చ వచ్చేచోట పురుగులా సన్నగా ఉండే కొనను కత్తిరించింది. రాగిగింజంత రాయి ఆమె వేలికి అంటుకుంది. వెనకాలే నాలుగు చుక్కలు ఎర్రగా కారాయి. గింజలు ఎక్కువై నీళ్లు తక్కువైతే లోపల ఇట్లా రాళ్లు కడతాయనీ, ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదనీ చెప్పింది. సాయంత్రానికి ధార కడితే బతుకుతాడు, లేకపోతే ఆశ వదులుకోవాల్సిందే. గింజలు ఆపి చొప్ప వేయమంది, అన్నిటికీ తాగినన్ని నీళ్లు పెట్టమంది. పోతూ పోతూ, ఇంత బాగా మేపి చంపుకుంటారా ఎవరైనా అని నిట్టూర్చింది. తిట్టినా బాగుండేది లోకనాథానికి.

వెంటనే తడిక దగ్గరున్న తొట్టి నిండా నీళ్లు పోశాడు. పొట్టేళ్లు మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగాయి. తాగే అలవాటే తప్పినట్టుంది. మధ్యాహ్నం దాకా బతిమాలాడు, కొమ్ములు పట్టి లాగాడు. ఊహూ.

దీపాల వేళయింది. అలవాటు కొద్దీ పసుపు, కుంకుమ, పూలు తీసుకుని సామి బండ దగ్గరికొచ్చాడు. మఠం ముందర, దొడ్డి తడిక పక్కనే, మోకాలెత్తున్న పెద్ద పలక బండ అది. నడిమధ్యన నున్నగా గుంత పడి ఉంటుంది. సామి ముప్పై ఏళ్లు దాని మీద కూర్చుని తపస్సు చేస్తే రాయి అరిగిందని లోకనాథం వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. రోజూ కడిగి, బొట్లు పెట్టి, పూజ చేస్తాడు. ఈ పొద్దు పూలు పెట్టాడు గానీ మంత్రం నోటికి రాలేదు.

అరుగు మీద గోడకానుకుని ఉన్న ముత్యాలప్ప సామి వైపు తిరిగాడు.

"సామీ, నేనేం తక్కువ చేసినాను? నాకున్నా లేకపోయినా వాటికి పెట్టినాను గదా."

సామి కర్ర పట్టుకుని, మూలుగుతూ లేచి, బండ దగ్గరికొచ్చాడు. భుజం మీది తువ్వాలుతో పూలన్నీ నేలకి ఊడ్చేశాడు. తర్వాత అదే తువ్వాలు తొట్టిలో తడిపి పసుపూ కుంకుమా తుడిచాడు. పొట్టేళ్లతో పాటు తన పూజను కూడా తీసేస్తున్నాడా అనుకున్నాడు లోకనాథం.

"వంటింట్లో కల్లుప్పు ఉంటాది, తే."

తెచ్చాడు. సామి దోసిటితో తీసి గుంతలో పోసి, మిగిలింది బండంతా చల్లాడు. దొడ్డి తడిక తీయమన్నాడు.

పొట్టేళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి బండ మీద పడ్డాయి. నాలుకలు గరగరమంటున్నాయి. ఒకటి గుంతలోకి మూతి పెట్టింది. ఆ గుంత సరిగ్గా దాని మూతికి కొలత తీసినట్టుంది.

"ఈ గుంత నేను కూచుంటే పడింది గాదురా. గొర్రెలు నాకి నాకి పడింది." సామి కర్ర మీద వాలాడు. "ఉప్పు నాకితేనే దప్పిక. నీకు ముందే చెప్పాల్సింది. నువ్వు పూలు పెడతాంటే ఊరికే ఉండిపోతిని."

నాకినవి నాకినట్టే తొట్టి వైపు వెళ్లాయి. తాగాయి, మళ్లీ వచ్చి నాకాయి, మళ్లీ వెళ్లాయి. తొట్టి ఖాళీ అయింది. లోకనాథం బోరింగు కొట్టి బిందెల మీద బిందెలు మోశాడు. చేతులు పడిపోతున్నా ఆగలేదు. దొడ్డి ముందర నేలంతా బురద.

అందరికంటే చివర బొల్లిగాడు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. బండను రెండుసార్లు నాకాడు. లోకనాథం బిందెనే మూతి దగ్గర పట్టాడు. వాడు తాగి, తాగి, తలెత్తి, నడుం వంచి నిలబడ్డాడు. పళ్లు నూరాడు. లోకనాథం బిందె దించి వంగి చూశాడు.

మొదట చుక్కలే. ఆ తర్వాత ధార.

బండకి తగిలి లోకనాథం పాదాల మీద చిందింది. అతను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

సామి తడి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈపొద్దు పూజ అయిందిలే. పోయి ఇంత తిని పడుకో."