పైడిరాజు ఇంట్లో రెండు తెరలు

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆదిమూర్తి దాసుగారికి లేదు. చెప్పులు వేసుకుని, అడిగినవాళ్లను వెంటబెట్టుకుని బయల్దేరేవారు. ముప్పై ఏళ్లుగా హరికథ నేర్పుతున్న ఆ పెద్దమనిషి దగ్గర శిష్యులకు వేదాంతం అబ్బిందో లేదో గానీ, విజయనగరం వీధులన్నీ కంఠతా వచ్చాయి.

ఆ ఆదివారం ప్రశ్న హైమవతిది. సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఆమె తొలి హరికథ. నాలుగేళ్ల సాధన ఉంది, కథ కొట్టిన పిండి. అయినా పొద్దున్నే వచ్చి చిరతలు గురువుగారి ముందు పెట్టేసింది.

“నావల్ల కాదు గురువుగారూ. లోపల పాడుకుంటే ప్రతి పద్యమూ వెలిగిపోతుంది. నోటిదాకా వచ్చేసరికి వెలిసిపోతుంది. ఎందుకని? ఈ వెలిసిన పాట జనానికి వినిపించేకంటే మానేయడమే మర్యాద.”

దాసుగారు చెప్పులు వేసుకున్నారు.

రెండిళ్ల అవతల పైడిరాజు ఇల్లు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, ఇంటికొస్తే కంప్యూటర్ పిచ్చి. ఉగాదికి వీధి ఆడవాళ్లు ఆడిన కోలాటాన్ని తనే వీడియో తీసి, నెల్లాళ్లు కూర్చుని చక్కగా కత్తిరించి అతికించాడు. కంప్యూటర్ తెర చిన్నది, చూసే వీధి పెద్దది. అందుకని కొత్తగా గ్రాఫిక్స్ కార్డు కొని, దాని వెనకనుంచి ముందుగదిలోని టీవీకి పొడుగాటి వైరు లాగాడు. కోలాటం ఆడిన పధ్నాలుగు మందీ పిల్లాపాపలతో చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. దాసుగారు అరుగు మీదే ఆగి, కిటికీ పక్కన కూర్చుని వేరుశనగలు ఒలుచుకోసాగారు.

చోటు లేక హైమవతి నడిమి గుమ్మంలో నిలబడింది. అక్కణ్ణించి వెనకగదిలో కంప్యూటరూ, ముందుగదిలో టీవీ రెండూ కనిపిస్తున్నాయి. కంప్యూటర్లో చిలకాకుపచ్చ చీరలు, టీవీలో ఉడికించిన గోంగూర. అక్కడ ఎర్రంచు గీత గీసినట్టుంటే, ఇక్కడ ఎరుపు అంచు దాటి పక్కావిడ చీర మీదికి కారుతోంది. మొహాలన్నీ నలుగు పెట్టుకున్నట్టున్నాయి.

పైడిరాజుకు ప్రాణం పోయినంత పనైంది. బొమ్మ ఆపేవాడు, వైరు ఊడదీసి మళ్లీ గుచ్చేవాడు, వెనకగదికి పరిగెత్తి ఏదో నొక్కేవాడు, తిరిగొచ్చి టీవీలో రంగు పెంచేవాడు. పెంచితే మొహాలు ఇటుకలయ్యాయి. ఇలా నాలుగుసార్లు. హైమవతి అతన్నే చూస్తోంది. తన బాధే చొక్కా తొడుక్కుని ఆ రెండు గదుల మధ్య తిరుగుతున్నట్టుంది.

“కార్డు దరిద్రంది. అసలు రంగులు ఇవి కావమ్మా! లోపల ఎంత బాగుందో మీకు తెలీదు” అన్నాడు ఏడుపు గొంతుతో.

ముందు చాప మీది నూకాలమ్మకు ఒళ్లు మండింది. డెబ్భై ఏళ్ల మనిషి, కోలాటంలో ముందువరస ఆవిడదే.

“ఒరే బాబూ, నాను గెంతింది సూడ్డానికొచ్చినాను గానీ సీర కొనుక్కోడానికి రానేదురా. ఆ లోపలిది కట్టీసి, ఇలగొచ్చి కూకో!”

గతిలేక పైడిరాజు వెనకగదిలో కంప్యూటర్ తెర కట్టేసి, వచ్చి చాప కొసన కూర్చున్నాడు. బొమ్మ కదిలింది. నూకాలమ్మ వెనక ఆడుతున్న గౌరమ్మ చేతిలోని కోలాటం కర్ర ఎగిరి డోలక్ వాయించేవాడి నెత్తిన పడింది.

“అదిగో పడింది! మళ్లీ ఎయ్యి, మళ్లీ ఎయ్యి!”

అంటూ గది ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ గౌరమ్మే నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుంది. పైడిరాజూ నవ్వాడు. హైమవతి గుమ్మం వదిలి ఎప్పుడు చాప మీదికి చేరిందో ఆమెకే తెలియదు. నవ్వీ నవ్వీ ఆమెకు డొక్కలు నొప్పెట్టాయి. రంగుల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తిరిగొచ్చాక చిరతలు పెట్టినచోటే ఉన్నాయి. ఆమె తీసుకుంది. గురువుగారు చెప్పులు విడిచారు.

సాయంత్రం హాలు నిండింది. హైమవతి గజ్జె కట్టి కథ మొదలుపెట్టింది. పిట్టకథ దగ్గర జనం విరగబడి నవ్వారు. నూకాలమ్మ మోకాలి మీద తాళం వేసింది. పైడిరాజు తనను తాను మరిచి నోరు తెరుచుకుని విన్నాడు. అంతలో హైమవతికి ప్రాణమైన పాట వచ్చింది. పాడింది. హాలంతా చప్పట్లు. అవి మోగుతుండగానే ఆమె మొహం కాస్త వాడింది. వెనక హార్మోనియం వాయిస్తున్న గురువుగారివైపు వంగింది.

“గురువుగారూ, ఇది లోపల ఇంకా…”

దాసుగారు హార్మోనియం మీంచి చెయ్యి తీయలేదు.

“వెనకగదిది కట్టేసి రా తల్లీ. జనం ముందుగదిలో ఉన్నారు.”