మొసలి నోరు తెరిచిన పొద్దు

చెప్పండి పిల్లలూ, ఏం చూశారు? శబరి ఏటి ఒడ్డున మొసలి నోరు బార్లా తెరుచుకుని పడుకుంటుంది, చూశారా లేదా? చూసి ఏమనుకున్నారు? ఆకలనుకున్నారా? నిద్రనుకున్నారా? రెండూ కాదు. వినండి.

ఒకప్పుడు మొసలి నోరు తెరిచేది తినడానికే. తిన్నాక టప్పున మూసేసేది. లోపల ఏం నానుతుందో, ఏం కుళ్లుతుందో దానికి పట్టేదే కాదు.

ఆ ఏట్లో గరుకమ్మ అనే ఆడమొసలి ఉండేది. ఉగాది వచ్చిందంటే జంతువులన్నీ ఒడ్డున చేరి, వేపపువ్వు నోట్లో వేసుకుని, కొత్త ఏడాదికి ఒక మాట ఇచ్చేవి. గరుకమ్మ ఏటా ఒకటే మాట ఇచ్చేది.

"ఈ ఏడాదంతా రోజూ పొద్దున్నే నోరు బాగుచేయించుకుంటా!"

బాగుచేసేది ఉల్లంకి పిట్ట. ఇసుకలో పురుగులు ఏరుకునే చిన్న పిట్ట, సూదిలాంటి ముక్కు. పాడ్యమినాడు గరుకమ్మ నోరు తెరిచింది. విదియనాడు తెరిచింది. తదియనాడు విసుక్కుంటూ తెరిచింది. చవితినాడు, "రేపు చూద్దాంలేవే" అంది.

"నీ తిండి రేపటిదాకా ఆగుతుందా అక్కా? పళ్లసందుల్లో పడేది మాత్రం ఎందుకాగుతుంది?" అంది ఉల్లంకి.

"ఓసి పిట్టా! నీకు పళ్లే లేవు, పళ్ల సంగతి నాకు చెప్తావా? నాకు ఒకటి ఊడితే ఇంకొకటి మొలుస్తుంది. మా జాతికి ఆ బాధ లేదు."

"పన్ను కొత్తది వస్తుందక్కా. చిగురు మాత్రం పాతదే."

గరుకమ్మ తోకతో నీళ్లు చరిచి పిట్టను తరిమేసింది. చూశారా పొగరు!

ఎండలు ముదిరాయి. గరుకమ్మ తిన్నెమీది ఇసుకలో గుడ్లు పెట్టి కాపలా కాస్తోంది. ఒకనాడు జెల్లచేపను మింగుతుంటే దాని ముల్లు దవడ వెనక విరిగి ఉండిపోయింది. తీయించుకుందా? లేదు. "అదే పోతుందిలే" అనుకుంది. పోలేదు. చిగురు వాచింది, చీము పట్టింది. ఆ కంపుకి చేపలు ముందే పసిగట్టి పారిపోయేవి.

మృగశిర కార్తె దగ్గరపడింది. ఒక పొద్దున ఇసుక అడుగునుంచి కుయ్‌ కుయ్‌మని వినిపించింది. పిల్లలు! గరుకమ్మ గబగబా ఇసుక తవ్వింది. గుడ్లు చిట్లి, బల్లుల్లా పిల్లలు బయటికొచ్చాయి.

అప్పుడే ఏరు అరిచింది.

"గరుకమ్మా! పైన కొండల్లో వాన దంచేసింది. ఎర్రనీళ్లు తోసుకొస్తున్నాయి, నన్ను నేను ఆపుకోలేను తల్లీ. పిల్లల్ని అవతల రెల్లు మడుగులోకి చేర్చుకో!"

మొసలి పిల్లల్ని చంకనెత్తుకోలేదు. నోట్లో పెట్టుకునే మోయాలి. గరుకమ్మ తొలి పిల్లను మెల్లగా నోట్లోకి తీసుకుంది. దాని తోక వాచిన చిగురుకు తగిలింది. నిప్పు పెట్టినట్టు పోటు! దవడలు వాటంతటవే మూసుకోబోయాయి. ఎలాగో బిగబట్టి పిల్లను ఇసుకమీదికి ఉమ్మేసింది. ఇంకాస్తయితే తన పిల్లను తానే నమిలేసేది.

తుప్ప చాటునుంచి నక్క నవ్వింది. "ఏం అత్తా, సొంత బిడ్డల్నే రుచి చూస్తున్నావా? ఇలా ఇయ్యి, నేను మోస్తా. నా పళ్లు బాగానే ఉన్నాయి."

ఎర్రనీళ్లు తిన్నె అంచును కొరికేస్తున్నాయి. పిల్లలు తల్లి కాళ్లకింద దూరి కుయ్యోమంటున్నాయి.

"ఉల్లంకీ! ఎక్కడున్నావే తల్లీ! రావే!"

ఉల్లంకి వచ్చి దూరంగా రాతిమీద వాలింది.

"ఇప్పుడు గుర్తొచ్చానా అక్కా? ముల్లు లాగేటప్పుడు నీ దవడ మూసుకుంటే నా గతేంటి? నా గూట్లోనూ పిల్లలున్నాయి."

గరుకమ్మ ఒట్టు వేయబోయి ఆగిపోయింది. తన ఒట్టు విలువెంతో తనకే తెలుసు.

"మాట ఇవ్వనే. ఇచ్చిన మాటలన్నీ తప్పినదాన్ని. నోరు తెరుస్తా. మూస్తానో లేదో నువ్వే చూసుకో."

తెరిచింది. పిట్ట కాసేపు చూసింది. దవడ కదల్లేదు. ఒక్క గెంతు గెంతి లోపలికి పోయింది.

ముల్లు పట్టి లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. గరుకమ్మ కళ్లమ్మట నీళ్లు కారాయి. మొసలి కన్నీళ్లని లోకమంతా వెక్కిరిస్తుంది కదా, ఆ పొద్దున కారినవి మాత్రం నిజం కన్నీళ్లే.

ఇదే అదనని నక్క ఒక మొసలిపిల్లమీదికి దూకింది. నక్కను కొరకాలంటే గరుకమ్మ నోరు మూయాలి. నోట్లో పిట్ట! గరుకమ్మ నోరు తెరిచే ఉంచి, తోక విసిరి కొట్టింది. నక్క పల్టీలు కొట్టి తుప్పలో పడి, కుంటుకుంటూ పారిపోయింది.

"వచ్చేసింది!" ఉల్లంకి ముల్లుతో బయటికెగిరింది. చీము మొత్తం కారిపోయింది. గరుకమ్మ ఏటినీళ్లు పుక్కిలించి, పిల్లల్ని నోట్లో నింపుకుని మడుగుకు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చివరి పిల్లను ఎత్తుకునేసరికి తిన్నె మునిగిపోయింది.

మర్నాడు ఉల్లంకి గట్టుమీద పురుగులు ఏరుకుంటోంది. గరుకమ్మ పాకుతూ వచ్చి దాని పక్కన నోరు తెరిచి పడుకుంది.

"ఇవాళ ఏం పండగక్కా?" అంది పిట్ట ఎకసెక్కంగా.

"ఏ పండగా కాదు. రా."

దాని వెనకే పిల్లలూ వరసగా పడుకుని బుల్లి నోళ్లు తెరిచాయి.

అప్పటినుంచే మొసలి పొద్దెక్కగానే గట్టెక్కి నోరు తెరుచుకుని పడుకుంటోంది. ఏ పిట్టా రాకపోయినా తెరిచే ఉంచుతుంది.

దానికి పళ్లు ఎన్నిసార్లు ఊడినా మొలుస్తాయి. మీకు పాలపళ్లు పోయాక మొలిచేది ఒక్కసారే. మీ నోట్లోకి పిట్టా రాదు. ఏ పండగా లేని ఈ పొద్దున, మరి మీరు పళ్లు తోముకున్నారా?