నూకాలమ్మ పంచిన వాటాలు

ఇప్పలకోన అడవిలో చెట్లనైనా లెక్కపెట్టొచ్చు గానీ సేవా సంఘాలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ప్రతి కొమ్మకూ ఒక బోర్డు వేలాడుతుండేది. కాలు బెణికిన కుందేళ్ళ క్షేమ సంఘం. తోక తెగిన తొండల ఆదరణ సమితి. పగలు నిద్రపట్టని గుడ్లగూబల ఓదార్పు కేంద్రం. ఎలుగుబంట్ల తేనెదానం ట్రస్టు ఒకటుండేది, దానం మాట దేవుడెరుగు, అక్కడ తేనె కూడా ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆఖరికి పాములు కూడా ఊరుకోకుండా, విడిచిన కుబుసాలు పేదలకు పంచే మండలి పెట్టాయి. కుబుసాలు ఎవరు కట్టుకుంటారండీ? ఆ మాట మాత్రం అడక్కూడదు. అడిగితే మనకు సేవాభావం లేదంటారు.

పనిచేసేవాళ్ళు అసలే లేరని కాదు. వానలకు ముందు చీమలు ముసలి చీమల పుట్టలకు కూడా గింజలు చేరవేసేవి. గాలికి చెదిరిన గూడు ఎవరిదైనా సరే గిజిగాళ్ళు వచ్చి అల్లిపెట్టి పోయేవి. కాకపోతే వాటికి బోర్డు రాయించుకునే తీరిక లేదు. అందుకని వాటిని ఎవరూ సంఘాల కింద జమకట్టలేదు.

ఇన్ని సంఘాలు చూసుకుని మృగరాజు సింహంగారికి పట్టలేనంత గర్వం. ఏటా తొలకరిలో సేవా ఉత్సవం పెట్టేవాడు. ఉత్సవంలో గెలిచిన సంఘానికి ఏడాది పొడుగునా మడుగులో మొదటి వంతు నీళ్ళు. అంటే పందులు దిగి కలిపేయకముందే తేటనీళ్ళన్నమాట. దానికోసం ప్రాణాలిచ్చేవాళ్ళు. అయితే సింహం మరీ అమాయకుడేం కాదు, ఒక మెలిక పెట్టాడు.

"ఊరికే చెప్పుకుంటే నమ్మను. మీ వల్ల మేలు పొందిన జీవి వేదికెక్కి, ఫలానా వాళ్ళు నన్ను ఆదుకున్నారని తన నోటితో చెప్పాలి" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కంతా. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు? అడవిలో ప్రతివాడూ ఏదో ఒక సంఘానికి అధ్యక్షుడో కార్యదర్శో అయి కూర్చున్నాడు. సాయం చేసేవాళ్ళకు కొదవ లేదు, పుచ్చుకునేవాళ్ళకే కరువొచ్చి పడింది. ఉత్సవం రేపనగా ఒక కుందేలు ఇంకో కుందేలును దారికి అడ్డంపడి ఆపింది.

"ఏవమ్మా, కుంటుతున్నావేం? కాలు బెణికిందా తల్లీ?"

"నాకేం బెణుకు! ముల్లు గుచ్చుకుంది. అయినా నేను ఉపాధ్యక్షురాలినమ్మా, మర్చిపోయావా? నీ కాలెలా ఉంది?"

"నిక్షేపంలా ఉంది, ఖర్మ!"

అలా అందరూ తలలు పట్టుకుని ఉండగా, వాగు మలుపులో ఊబి ఉన్నచోట నూకాలమ్మ దిగబడిపోయింది.

నూకాలమ్మ అంటే గాడిద. ఊళ్ళో బరువులు మోసి మోసి విసిగి అడవికొచ్చి స్థిరపడింది. చీమలు, గిజిగాళ్ళు పోను, అడవి మొత్తం మీద ఏ సంఘంలోనూ లేనిది అదొక్కతే. నీళ్ళు తాగుదామని దిగింది, కాళ్ళు కదలవు. ఎంత గింజుకుంటే అంత లోపలికి పోతోంది. పైన కొండల మీద మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. కొండ మీద వాన పడితే ఈ వాగు ఎలా వస్తుందో నూకాలమ్మకు తెలుసు. ప్రాణభయంతో గట్టిగా ఓండ్రపెట్టింది.

అందరికంటే ముందు జంబయ్య వచ్చాడు. జంబయ్య నక్క. వచ్చీ రాగానే గట్టున ఒక గుంజ పాతి, దానికి బోర్డు తగిలించి, అప్పుడు గాడిద వంక చూశాడు.

"నూకాలమ్మా, ధైర్యంగా ఉండు. ఊబి బాధితుల పునరావాస సంఘం నీకు అండగా ఉంది."

"అలాంటి సంఘం ఉన్నట్టు నాకు తెలియదే నక్కబావా?"

"ఇప్పుడే పెట్టాను."

"నీ కడుపు చల్లగుండ! ముందు నన్ను బయటికి లాగు."

"తొందరపడకు. రేపు రాజావారు ఇటుగానే ఉత్సవానికి వెళతారు. ఆయన చూస్తుండగా లాగుతాను. అప్పుడైతే ఆయనకు కళ్ళారా చూసిన తృప్తి ఉంటుంది."

"రేపటికి వాగొచ్చేస్తుంది బావా! నేనుండను!"

"అశుభం పలక్కు. ఒక్క రాత్రికేమవుతుంది? కాస్త ఓపిక పట్టాలి. బాధితులన్నాక ఆమాత్రం సహకరించకపోతే ఎలా?"

నూకాలమ్మకు కడుపు మండిపోయింది. అంతలోకే ఓండ్ర విని మిగతా సంఘాలన్నీ పరుగెత్తుకొచ్చాయి. ఎవరి బ్యానరు వాళ్ళు చంకన పెట్టుకుని, బ్యానరు కట్టే తాళ్ళు మెడలో వేసుకుని మరీ వచ్చారు. ఊబిలో ఉన్న గాడిదను చూసి వాళ్ళ మొహాలు పెళ్ళిభోజనం చూసినట్టు వెలిగిపోయాయి.

"కాళ్ళు దిగబడ్డాయి! కాళ్ళ కేసు మాది!" అని కుందేళ్ళు గంతులేశాయి.

"ఒళ్ళంతా నీరసం, తేనె పట్టించాల్సిన కేసు. మాది" అన్నాడు ఎలుగు.

"కొమ్మ పట్టుకోవడం చేతకాక పడిపోయింది. చెట్టెక్కలేని జీవుల శిక్షణ సంఘం తరఫున మేం తీసుకుంటాం" అంది కోతి కొండమ్మ.

జంబయ్య గుంజకు అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరూ ముట్టుకోవద్దు. ముందొచ్చింది నేను. బోర్డు కనబడట్లేదా?"

"నీ బోర్డు ఇంకా తడారలేదయ్యా!"

"అయితే ఏం? బోర్డు బోర్డే."

ఇక చూస్కోండి, మాటా మాటా పెరిగింది. గాడిద తొడల దాకా దిగిపోయింది, కొండ మీద ఉరిమింది, వీళ్ళు మాత్రం ఎవరి సంఘం ఎప్పుడు పుట్టిందో తేల్చుకుంటున్నారు. ఒక తొండ లేచి, ఈ విషయమై ఉపసంఘం వేద్దామంది. నలుగురు చప్పట్లు కొట్టారు కూడా.

నూకాలమ్మ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. వీళ్ళను బతిమాలితే లాభం లేదు. వీళ్ళకు నా ప్రాణం అక్కర్లేదు, నేను కావాలి. సరే, అదే ఇద్దాం అనుకుంది.

"అయ్యలారా, అమ్మలారా! నాకోసం మీరు కొట్టుకోవడం నేను చూడలేను. ఉన్నదాన్ని ఒక్కదాన్ని, మీరేమో ఇందరు. నన్ను నేను పంచిపెడతాను, ఎవరి వాటా వాళ్ళు తీసుకోండి. రేపు వేదిక మీద ప్రతి వాటాకూ దాని సంఘం పేరు చెబుతాను. నా మాట నమ్మండి" అంది.

అందరూ కొట్లాట ఆపి చెవులు రిక్కించారు.

"ఎలుగు మామా, నా ఛాతీ నీకు. కొండమ్మా, భుజాలు రెండూ నీవి. కుందేళ్ళకు కాళ్ళు నాలుగూ రాసిచ్చాను."

కుందేలు అధ్యక్షురాలు మురిసిపోయి, "వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, మాకేం నామోషీ లేదు. కానీ కాళ్ళు బురదలో ఉన్నాయి కదమ్మా, పట్టుకునేదెట్లా?" అంది.

"నడుం పట్టుకోవే పిచ్చిదానా. కాళ్ళు దానికే ఉంటాయి."

"అవును సుమా!"

"వాటా తీసుకోగానే సరిపోదు. గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే ఇంకొకళ్ళు ఎగరేసుకుపోతారు. ఆ బ్యానరు తాళ్ళు విప్పి ఎవరి వాటాకు వాళ్ళు కట్టుకోండి" అంది నూకాలమ్మ.

ఆ మాటతో అందరికీ పక్కవాడి మీద అనుమానం పుట్టింది. గబగబా తాళ్ళు విప్పి ఛాతీకి, భుజాలకు, నడుముకు బిగించి కట్టారు. మామూలుగా సభలో జెండా కట్టమంటే పూటంతా తీసుకునేవాళ్ళు, ఎంత గట్టిగా కట్టారనుకున్నారు! ఎలుగైతే ముడి మీద ముడి వేశాడు.

జంబయ్యకు ఒళ్ళు మండింది. "మరి నాకు? ముందొచ్చినవాడికి మొండిచెయ్యేనా?"

"అయ్యో, నిన్ను మర్చిపోతానా నక్కబావా! ముందొచ్చావు కాబట్టి చివరి వాటా నీకు. నా తోక. తోక లేని గాడిదను రాజావారు వేదికెక్కనిస్తారా చెప్పు?"

జంబయ్య కళ్ళు మిలమిలలాడాయి. తోక నా చేతిలో ఉంటే గాడిద నా చేతిలో ఉన్నట్టే, వీళ్ళెంత లాగినా రేపటిదాకా కదలనివ్వను అనుకున్నాడు. ఊబికి అవతల ఒక బండరాయి ఉంటే దాని మీదికి దూకి, తోకను రెండు చేతులా పట్టుకున్నాడు.

అప్పుడు కొండ మీద పెళపెళమంటూ పిడుగు పడింది. పైనుంచి వాగు హోరు వినిపించింది.

"అయ్యో, వాగొస్తోంది! మీ వాటాలన్నీ నీళ్ళపాలే! ఎవరి వాటా ముందు గట్టెక్కుతుందో వాళ్ళే రేపు మొదటి వరసలో ఉంటారు!" అని నూకాలమ్మ గొంతు చించుకుని అరిచింది.

లాగారు చూడండీ! ఎలుగు ఛాతీ లాగాడు. కోతులు భుజాలు లాగాయి. కుందేళ్ళన్నీ ఒకదాని నడుం ఒకటి పట్టుకుని కాళ్ళ కోసం నడుం లాగాయి. ఎవరి వాటా వాళ్ళు లాక్కుంటున్నామనుకున్నారే గానీ, వాటాలన్నీ ఒకే గాడిదకు అతుక్కుని ఉన్నాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. వెనక నుంచి జంబయ్య పళ్ళు బిగించి, "ఇవాళ కాదు, రేపు! రేపు!" అని తోక లాగుతున్నాడు.

చప్పున ఊబి వదిలింది. నూకాలమ్మ గట్టున పడింది. తోక చేతిలోంచి జారిపోయి జంబయ్య వెల్లకిలా ఊబిలో పడ్డాడు.

"అమ్మో! చచ్చాను! ఎవరైనా రండ్రా!"

గట్టు మీద సంఘాలవాళ్ళెవరికీ వినపడలేదు. ఛాతీ ముందొచ్చిందా భుజాలు ముందొచ్చాయా అని అక్కడ మళ్ళీ కొట్లాట మొదలైంది. వాగు మలుపు తిరిగి వచ్చేస్తోంది. నక్క మెడ దాకా దిగిపోయాడు.

నూకాలమ్మకు ఇంకా ఊపిరి అందడంలేదు. ఒంటికి వేలాడుతున్న తాళ్ళలో ఒకదాని కొస నోటితో అందుకుని ఊబిలోకి విసిరింది. "కరుచుకో బావా, వదలకు!" అని వెనుదిరిగి, ఊళ్ళో బరువులు లాగినట్టే తల వంచుకుని నడిచింది. నక్క బురదముద్దలా బయటికొచ్చి పడ్డాడు. వెంటనే వాగొచ్చి ఊబినీ, గుంజనూ, తడారని బోర్డునూ ఊడ్చుకుపోయింది.

మర్నాడు ఉత్సవంలో వేదిక ముందు తొక్కిసలాట. ఛాతీ మాదంటే భుజాలు మావని అరుపులు. సింహానికి తల తిరిగిపోయింది.

"ఆగండర్రా! గాడిద మీద ఇంతమంది హక్కుదార్లేంటి? నూకాలూ, నువ్వు చెప్పు. నిన్ను ఆదుకున్నదెవరు?"

"ప్రభూ, మాట ఇచ్చాను కాబట్టి చెబుతాను. నా ఛాతీని ఎలుగు మామ, భుజాలను కొండమ్మ, కాళ్ళను కుందేళ్ళు ఆదుకున్నాయి. నూకాలమ్మను ఎవరు ఆదుకున్నారో నాకూ తెలియదు."

సింహం మీసం దువ్వుకున్నాడు.

"అయితే నిజంగా మేలు పొందినవాడు ఒక్కడైనా ఉన్నాడా ఈ అడవిలో?"

వెనక వరసలో బురద ఎండిపోయి ఒళ్ళంతా పెచ్చులు కట్టిన జంబయ్య నక్కి కూర్చున్నాడు. కోతి కొండమ్మ ఊరుకోదుగా, చెవి పట్టుకుని లేవదీసింది. ఎన్నో సభలకు అధ్యక్షత వహించిన నక్క, మొట్టమొదటిసారి సాయం పుచ్చుకున్నవాడిగా వేదికెక్కాడు. తల ఎత్తలేకపోయాడు.

"నన్ను... నూకాలమ్మ ఆదుకుంది, ప్రభూ" అన్నాడు, నోట్లో నోట్లోనే.

"గట్టిగా చెప్పు!"

"నూకాలమ్మ!"

సింహం గాడిద వైపు తిరిగాడు. "భేష్! మొదటి వంతు నీళ్ళు నీకే. చాటింపు వేయించాలి, నీ సంఘం పేరేంటి?"

నూకాలమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"సంఘమేంటి ప్రభూ? వాడు మునుగుతున్నాడు, నేను గట్టున ఉన్నాను. అంతే" అని చెప్పి, నీళ్ళు తాగడానికి మడుగు వైపు నడిచింది.

నీతి: మునిగేవాడికి కావలసింది తాడు, తాడు పట్టుకున్నవాడి హోదా కాదు.