సుంకమ్మ తాగిన నూనె

పొద్దున. ముసురు పట్టి ఉంది. ఇప్పుడున్న ఇళ్ళలో ఒక్కటీ అప్పటికి లేదు, అంత వెనకటి మాట.

ఒక ఊళ్ళో సుంకమ్మ అని ఉండేది. ఊరి బట్టలు ఉతికేది. ఒక్కతే కూతురు, వీరనాగమ్మ. ఆ పిల్లకు కుడి డొక్కలో పోటు. పట్నం డాక్టరు చూసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, కోసి తీయాలి అన్నాడు. కోత అనేసరికి అల్లుడు మద్దిలేటి బెదిరిపోయాడు. నాటువైద్యం చేసే నూనె తాత దగ్గరికి పోయాడు.

తాత గిద్దెడు నువ్వుల నూనె, గిద్దెడు నిమ్మరసం తాగించాడు. తెల్లారి దొడ్డికి పోతే పచ్చటి రాళ్ళు పన్నెండు పడ్డాయి. రాళ్ళు పడిపోయాయి, ఇక పట్నం ఎందుకు అన్నారు. పోటు పోలేదు.

మళ్ళీ తాగించాడు. ఇరవై పడ్డాయి. రాళ్ళు పడిపోయాయి, ఇక పట్నం ఎందుకు అన్నారు. పోటు పోలేదు. జ్వరం తగిలింది.

మూడోసారి నలభై. పిల్ల కళ్ళు పసుప్పచ్చగా అయ్యాయి. అయినా అదే మాట.

"దాని కడుపేమన్నా కంకర గుట్టా తాతా, తవ్వేకొద్దీ వస్తుండాయి?" అంది సుంకమ్మ.

నీకేం తెలుసు, పోయి బట్టలుతుక్కో అన్నారు.

సుంకమ్మకు ఏ నొప్పీ లేదు. రోజూ మూటలు మోసే మనిషి. అంతే నూనె, అంతే నిమ్మరసం తాత చేతే కలిపించుకుని, అందరి ముందూ తాగింది. తెల్లారి ఆమెకూ పడ్డాయి. పచ్చటివే. ముప్పై. వాటినీ కూతురివీ కడిగి, బట్టలు ఉడకేసే బానలో మరిగే నీళ్ళలో వేసింది. అన్నీ కరిగి పైన నూనె తేలింది.

"నూనె తాగినోళ్ళకు నూనె గడ్డలే పడతాయి. రాయి లోపలే ఉంది. బండి కట్టు నాయనా," అంది అల్లుడితో.

మద్దిలేటి కదల్లేదు. తాతే పోయి ఎద్దుల్ని తోలుకొచ్చాడు.

సుంకమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఫలానా కషాయంతో ఫలానా రోగం పోయిందని ఎవరన్నా అంటే, ఆ ఊరి ఆడవాళ్ళు ఇప్పటికీ "సుంకమ్మ తాగిందా?" అని అడుగుతారు. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్ళను గడప దాటేముందు లెక్కపెడతారు. కోత అయ్యి పట్నం నుంచి తిరిగొచ్చిన ఆ ముసురు పొద్దున బండి దిగి సుంకమ్మ పెట్టినట్టే.

"అల్లుడు ఒకరు. తాత ఇద్దరు. నేను ముగ్గురు," అని ఆగింది.

వీరనాగమ్మ చక్రం పట్టుకుని, మెల్లగా దిగింది.

"నలుగురం."