మలిచూలు

భ్రమరాంబ గారు ప్రశ్నలకు జవాబులు చెప్పరు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని పురమాయిస్తారు. నాగావళి ఒడ్డున పదిమంది ఆడవాళ్ళుండే ఆ చిన్న ఆశ్రమంలో ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే తెలివైనవాళ్ళు ఆమెను ఏమీ అడగరు. దమయంతి అడిగింది.

"అమ్మా, మనుషుల్లో తేడాలు నాకిప్పుడు కనిపించడం లేదు. ఎవరిది ఏ కులమో చూడను, ముత్తయిదువ ఎవరో విధవ ఎవరో చూడను. అందరూ ఒక్కలాగే ఉన్నారు. సమదృష్టి అంటే ఇదే కదా?"

ఆరేళ్ళ సాధన తర్వాత అడిగిన మాట అది. అందులో సందేహం తక్కువ, మెచ్చుకుంటారేమోనన్న ఆశ ఎక్కువ.

భ్రమరాంబ గారు చింతపండులో పిక్కలు తీస్తూనే అన్నారు. "అవతలి ఒడ్డున పైడమ్మ గారింట్లో కోడలికి నెలలు నిండాయి. సాయానికి మనిషి కావాలని కబురు పెట్టారు. వెళ్ళిరా."

పెద్ద పెంకుటిల్లు. పైడమ్మ గుమ్మంలోనే దమయంతి చేతులు పట్టుకుంది. "రా తల్లీ. మా ఇంట్లో పరాయివాళ్ళన్న మాటే లేదు." లోపల, పందొమ్మిదేళ్ళ పిల్ల తన కడుపును తానే మోయలేక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పేరేమిటని దమయంతి అడిగింది. పిల్ల అత్తగారి వైపు చూసింది. అత్తగారు చెప్పింది. "కనకం."

"మొదటి కోడలూ కనకమే తల్లీ. తొలి కాన్పు పుట్టింట్లో అయింది, బిడ్డ దక్కలేదు. రెండో కాన్పులో అదీ పోయింది. ఏడాది తిరక్కుండా దీన్ని తెచ్చుకున్నాం. ఆ పిల్లకీ ఈ పిల్లకీ నేనెప్పుడూ తేడా చూడలేదు. అదే పేరు, అవే చీరలు, అదే మంచం. పోయినదాని పేరుమీద బిళ్ళ చేయించి రెండోదాని మెళ్ళో కడతారు కదేటి, చాలామంది? మేం అదీ చెయ్యలేదు. కడితే ఇద్దరని ఒప్పుకున్నట్టే కదమ్మా!"

దమయంతి గుండె పొంగింది. తాను ఆరేళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే దొరికినది, అక్షరం రాని ఈ ఇల్లాలికి వంటింట్లోనే దొరికింది. అరుగు మీద కొడుకు సూర్నారాయణ చుట్ట కాల్చుకుంటూ "అమ్మ చెప్పినట్టే" అన్నాడు. రెండుసార్లు పెళ్ళాడి కూడా ఏకపత్నీవ్రతుడిగా మిగిలే భాగ్యం ఎంతమంది మగవాళ్ళకు పడుతుంది!

ఆ ఇంట్లో కసురు లేదు, విసురు లేదు. ఆ పిల్లకు రోజూ గుత్తివంకాయ వండి, దగ్గర కూర్చుని తినిపించేది పైడమ్మ. "కనకానికి వంకాయంటే ప్రాణం." తిన్న గంటకల్లా పిల్ల చేతులు దద్దుర్లెక్కేవి. మారుమాట లేకుండా గోక్కునేది. రవికలు భుజాల మీంచి జారిపోతుంటే పిన్నీసులు పెట్టుకునేది. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా అత్తగారు ప్రేమగా హెచ్చరించేది. "తల జాగ్రత్త, కనకం." గుమ్మానికి మూరెడు కిందుండే ఆ పిల్ల, తలవంచి దాటేది.

మూడోరోజున పైడమ్మ దమయంతిని "నర్సమ్మత్తా" అని పిలిచింది. నర్సమ్మ ఆ ఇంట్లో ఊడిగం చేసి ఎప్పుడో పోయిన మేనత్త. దమయంతి నవ్వుకుంది. అయిదోరోజు పొద్దున నీళ్ళబిందె దించుతుంటే వెనకనుంచి మాట వినబడింది. "నర్సమ్మత్తా, మోకాలు ఎలా ఉంది?"

"తగ్గలేదమ్మా" అంది దమయంతి.

అన్నాక బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకు ఏనాడూ మోకాలు నొప్పి రాలేదు. కానీ అప్పుడు, ఎడమ మోకాలు నిజంగానే సలుపుతోంది.

ఆ మధ్యాహ్నం మంత్రసాని వచ్చి పిల్ల కడుపు తడిమి చూసింది. "తొలిచూలేనా?"

"మలిచూలు. మొదటిది పుట్టింట్లో అయిపోయింది కదా, అందుకే ఈసారి ఇక్కడ. పాపం, వాళ్ళ నాన్న మొన్న బండి కట్టుకుని వచ్చాడు, తొలి కాన్పుకి తీసుకుపోతానని. భోజనం పెట్టి పంపించాం."

"మలిచూలైతే భయం లేదు. నొప్పులు బాగా ముదిరాక కబురు పెట్టండి, వస్తాను." మంత్రసాని వెళ్ళిపోయింది.

పైడమ్మ పెట్టె తెరిచి పసుపు రంగు కొత్త చీర తీసి, మడత విప్పి దండెం మీద ఆరేసింది. "పోయినసారి కూడా ఇలాంటిదే కట్టి పంపాం."

"ఎక్కడికి?" అంది దమయంతి.

పైడమ్మ చీర ముడతలు అరచేత్తో సవరిస్తూ చల్లగా నవ్వింది. అప్పుడు అర్థమయింది దమయంతికి. ఆ ఇంట్లో ఎవరూ చనిపోలేదు. రెండో కాన్పు ఒకటి మొదలై మధ్యలో ఆగింది. దాన్ని పూర్తిచేయడానికి ఒక ఒళ్ళు కావలసివచ్చింది.

ఆమె పిల్ల ముందు కూర్చుని, అత్తగారికి వినబడేలా అడిగింది. "నీ పేరేమిటమ్మా?"

పిల్ల పెదవులు కదిలాయి. "కన..." ఆగింది. ఎక్కడో బావిలోంచి చేదుకుంటున్నట్టు గొంతు కూడదీసుకుంది. "నూకాలు."

"ఎన్నో కాన్పు?"

"తొలిచూలు. నాకు భయంగా ఉంది. నేనెప్పుడూ కనలేదు."

పైడమ్మ చెయ్యి చీర మీదే ఆగిపోయింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఇంట్లోకి చొరబడిన కొత్తమనిషిని చూసినట్టు ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

"ఎవరే నువ్వు? మా కనకమేది?"

జవాబు కోసం ఆగలేదు. "కనకం! కనకం!" అని పిలుస్తూ ఒక్కొక్క గదీ వెతకసాగింది. తలుపుల వెనక చూసింది, మంచాల కింద వంగి చూసింది, ధాన్యపు గాదె మూత ఎత్తి చూసింది. ఆ పిలుపు లోపలి గదుల్లోకి దూరమవుతుండగా, దమయంతి నూకాలు చెయ్యి పట్టుకుని పట్టపగలే వీధిగుమ్మం దాటింది. అరుగు మీద సూర్నారాయణ కళ్ళెత్తి చూసి మళ్ళీ చుట్ట వెలిగించుకున్నాడు. ఆ వెళుతున్నది ఎవరో అతనికి అమ్మ ఇంకా చెప్పలేదు.

ఏరు దాటాక పడవవాడి చేత పిల్ల తండ్రికి కబురు పంపింది. ఆశ్రమానికి చేరాక భ్రమరాంబ గారు సంగతంతా విని, ముందుగా ఊళ్ళోని డాక్టరమ్మ కోసం మనిషిని తోలారు. తొలిచూలని మరీ మరీ చెప్పమన్నారు.

చుట్టూ ఆడవాళ్ళు మూగారు. దమయంతికి కన్నీళ్ళు ఆగలేదు. నూకాలును గట్టిగా కావలించుకుంది. "ఇంక భయం లేదు తల్లీ. ఇక్కడ నువ్వు మాలో ఒకదానివి. ఇవాళ్టినుంచి అచ్చం మా అందరిలాగే."

పిల్ల ఒళ్ళు బిగుసుకుంది.

భ్రమరాంబ గారు నెమ్మదిగా దమయంతి చేతులు విడదీశారు.

"తొందరపడకు. ఈ పిల్లతో మనకింకా పరిచయమే కాలేదు."