గాసి అడిగిన భుజం

మబ్బు తప్ప పొగ ఎరుగని కొండ ఒకటి ఉండేదట. మా అవ్వకి వాళ్ళవ్వ చెప్పిన కాలం అది. కొండ నెత్తిన ఒక చిన్న ఊరు. అప్పుడు దాన్ని మబ్బుమెట్ట అనేవారట. రైలు వచ్చాక పొగమెట్ట అయింది.

చల్లగాలి కోసం ఆ ఊరికి దొరలు వచ్చేవారు, జమీందార్లు వచ్చేవారు, జబ్బుపడినవాళ్ళు వచ్చేవారు. వచ్చినవాళ్ళెవరూ కొండని నడిచి ఎక్కలేదు. డోలీలో ఎక్కారు. డోలీ అంటే ఏముంది? ఒక లావుపాటి వెదురుబొంగు, దానికి ఉయ్యాలలా కట్టిన దుప్పటి. ముందొక భుజం, వెనకొక భుజం.

కొండ నడుమ తుమ్మెదపుట్టు అనే గూడెంలో గాసి, బొంజు అని అన్నదమ్ములు ఉండేవారు. ముందు గాసి, వెనక బొంజు. దొరలని మోస్తే కూలి దొరికేది. గూడెంలో ఒకరికి జ్వరం వచ్చినా, ఒకరికి పాము కరిచినా, ఒకరికి నొప్పులు వచ్చినా వాళ్ళనీ మోసేవారు. దానికి కూలి లేదు. అడగాలని వాళ్ళకి తోచనూ లేదు. గాసి పెళ్ళాం పసిబిడ్డని వదిలి కన్నుమూసింది. ఆ బిడ్డ చిలకమ్మ. గాసి ఆ పిల్లని వీపున కట్టుకుని, భుజాన డోలీ పెట్టుకుని కొండ ఎక్కేవాడు.

కొన్నాళ్ళకి రైలు కంపెనీ వచ్చింది. కొండని కోశారు, బండలు పేల్చారు, పట్టాలు పరిచారు. అన్నదమ్ముల కాళ్ళు నలిపి నలిపి వేసిన డోలీబాట రైలుకట్ట కింద పడిపోయింది. చిన్న ఇంజను, బొమ్మల్లాంటి పెట్టెలు. కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ, పొగ కక్కుతూ పైకి వెళ్ళేది. దాన్ని చూడటానికీ ఎక్కడానికీ ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. డోలీ ఎక్కే దొర ఒక్కడూ మిగల్లేదు.

మోతగాళ్ళు కొండ దిగిపోయారు. కొందరు తేయాకు తోటలకి పోయారు. కొందరు గోనె మిల్లులకి పోయారు. కొందరు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఒకరోజు బొంజు కూడా మూట కట్టాడు.

"అన్నా, నువ్వూ రా. ఇక్కడేటుంది మనకి?" అన్నాడు.

"రైలెక్కలేనోళ్ళుంటారు కదరా తమ్ముడా! ఆళ్ళనెవుడు మోత్తాడు?" అన్నాడు గాసి.

"ఒక్కడివే ఎలాగ మోత్తావు?"

గాసి వెదురుబొంగు తీసి చూరులో దోపాడు. బొంజు ఆ రైలెక్కే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మిల్లులో చెయ్యి పోయిందని ఒకరన్నారు, కొత్త పెళ్ళాం వచ్చిందని ఒకరన్నారు.

చిలకమ్మ పెద్దదైంది. గాసి పెళ్ళి చేశాడు. అల్లుడు కూడా తేయాకు తోటకే పోయాడు. ఆషాఢం వచ్చింది. వాన మొదలైంది. ఆ వానలోనే చిలకమ్మకి నొప్పులు వచ్చాయి.

మంత్రసాని పోలమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి, మొహం పక్కకి తిప్పుకుంది.

"గాసన్నా, బిడ్డ అడ్డం తిరిగిపోనాది. నా వల్ల కాదు. బేగి ఆస్పత్రికి తీసుకెల్లు."

ఆస్పత్రి పొగమెట్టలో ఉంది. గాసి చూరులోంచి వెదురుబొంగు దించాడు. దుప్పటి కట్టాడు. కూతుర్ని పడుకోబెట్టాడు. ముందు కొస భుజానికెత్తుకుని వెనక్కి చూశాడు.

వెనక ఎవరున్నారు? గూడెంలో మగవాళ్ళు లేరు. ఆడవాళ్ళు అవతలి కొండ మీద పోడు పనికి పోయారు. నడుం వంగిన పోలమ్మ ఒక్కతే ఉంది. ఆమే కొంగు మడిచి భుజం మీద వేసుకుని వెనక కొస ఎత్తింది.

జారుతూ, ఆగుతూ, గూడెం కింద ఉన్న రైలు మలుపు దాకా దించారు. అక్కడ పోలమ్మ కూలబడిపోయింది. భుజం చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. అక్కడి నుంచి పొగమెట్టకి పాత బాట లేదు. పట్టాల వెంట నడవాలి. మధ్యలో పొంగుతున్న గెడ్డ మీద వంతెన. చెక్కకీ చెక్కకీ మధ్య కాలు పట్టేంత సందు.

"ఇంక నా వల్ల కాదు గాసన్నా," అని పోలమ్మ ఏడ్చింది.

"రైలొత్తాది. రైల్లో ఎక్కిద్దాం," అన్నాడు గాసి.

పొద్దున రైలు వచ్చింది. గాసి తలగుడ్డ విప్పి రెండు చేతులా ఊపాడు. కిటికీల్లో జనం. కొండ చూడటానికి వచ్చిన జనం. వాళ్ళు గాసిని చూశారు. నవ్వారు. పిల్లలూ పెద్దలూ చేతులు బయట పెట్టి తిరిగి ఊపారు. రైలు ఆగలేదు.

"అయ్యా, రైలొచ్చినాదా?" అంది చిలకమ్మ.

"ఇంకోటొత్తాదమ్మా."

మధ్యాన్నం రైలు వచ్చింది. ఈసారి గాసి పట్టాల మధ్య నిలబడ్డాడు. ఇంజను కీచుమని అరిచి, అతనికి బారెడు దూరంలో ఆగింది. గార్డు గొడుగు వేసుకుని దిగాడు.

"చస్తావా ముసలాడా? ఇది స్టేషను కాదు!"

"నా కూతురు బాబూ. బిడ్డ అడ్డం తిరిగింది. ఎక్కించుకోండి."

గార్డు డోలీ వైపు చూశాడు. దుప్పటి కింద నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. అతను చూపు తిప్పుకున్నాడు.

"దారిలో ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ఎక్కిస్తే నా ఉద్యోగం పోతుంది. నాకూ పిల్లలున్నారు."

గాసి కిటికీల వైపు తిరిగాడు. వానలో రెండు చేతులూ జోడించాడు.

"రైలెక్కించకపోతే మానెయ్యండి. ఒక్క భుజం ఇవ్వండి బాబూ! ముందు నేనుంటాను. వెనక ఒక్క మనిషి సాలు. ఒక్క భుజం!"

మొదటి పెట్టెలో ఒకాయన కిటికీ తలుపు దించేశాడు. రెండో పెట్టెలో ఒకామె "పాపం" అంది. మూడో పెట్టెలో అందరూ అవతలి కిటికీల వైపు తిరిగారు. గార్డు మనుషులు ఇద్దరు గాసిని పట్టుకుని పట్టాల మీంచి పక్కకి లాగారు. రైలు వెళ్ళిపోయింది.

ఇంజను నడిపే ఎర్రునాయుడు మాత్రం మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

"అయ్యా, రైలెల్లిపోనాదా?"

"ఇంకోటొత్తాదమ్మా."

"నాకు సలిగుందయ్యా."

గాసి తలగుడ్డ కప్పాడు. పంచె చెంగు కప్పాడు. కప్పడానికి ఇంకేమీ లేక తనే ఆమె మీదకి వంగి వానకి అడ్డం నిలబడ్డాడు. చిలకమ్మ చెయ్యి అతని వేలు పట్టుకుని ఉంది. కాసేపటికి పట్టు వదిలింది. పోలమ్మ బిడ్డ కోసం పొట్ట మీద చెవి పెట్టింది. చాలాసేపు పెట్టింది. తర్వాత లేచి దూరంగా పోయి కూర్చుంది.

సాయంత్రం రైలు వచ్చింది. గాసి గుడ్డ ఊపలేదు. పట్టాల మీద నిలబడలేదు. అయినా రైలు ఆగింది. ఎర్రునాయుడే ఆపాడు. పరుగున దిగి వచ్చాడు.

"ఎక్కించు తాతా! ఎవరేమన్నా నేను చూసుకుంటాను. తొందరగా ఎక్కించు!"

"ఇప్పుడు తొందర్లేదు బాబూ," అన్నాడు గాసి.

ఎర్రునాయుడు అక్కడే నిలబడిపోయాడు. తర్వాత తన నల్లటి చొక్కా విప్పి మడతపెట్టి భుజం మీద వేసుకున్నాడు. డోలీ వెనక కొస ఎత్తాడు. ఇద్దరూ చిలకమ్మని తుమ్మెదపుట్టుకి మోశారు. రైలు అతను వచ్చేదాకా ఆ మలుపు దగ్గరే ఆగి ఉంది. మర్నాడే ఎర్రునాయుడి పని పోయింది.

ఆ తర్వాత గాసి గూడెంలో ఉండలేదు. రోజూ ఆ మలుపు దగ్గరే. చేతిలో వెదురుబొంగు. రైలు వస్తే చాలు, లేచేవాడు.

"ఒక్క భుజం ఇవ్వండి బాబూ! ఒక్క భుజం!"

పక్కన డోలీ లేదు. డోలీలో మనిషి లేదు. చూసేవాళ్ళకి పిచ్చివాడు. కొందరు అరటిపళ్ళు విసిరేవారు. కొందరు పిల్లలకి చూపించి భయపెట్టేవారు. పోలమ్మ గంజి తెచ్చి పోసేది. "ఇంకెవర్ని మోత్తావు గాసన్నా, ఇంటికి రా," అనేది. గాసి ఆమె ఎవరో పోల్చుకోలేనట్టు చూసేవాడు. ఎండ వచ్చింది, మంచు వచ్చింది, మళ్ళీ వాన వచ్చింది. అలా ఎన్ని వానలో! అతని జుట్టు పూర్తిగా తెల్లబడింది, గొంతు పోయింది. గొంతు పోయాక పెదాలు మాత్రం కదిపేవాడు.

ఒక పొద్దున బొంగు మీద తల పెట్టుకుని పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడింది.

గూడెంలో మోసే మగవాళ్ళు అప్పటికీ లేరు. ఆడవాళ్ళే వచ్చారు. ఆ బొంగుకే దుప్పటి కట్టి గాసిని ఎత్తారు. శ్మశానం కట్టకి అవతల ఉంది. పట్టాలు దాటబోతుండగా రైలు వచ్చింది. ఆడవాళ్ళని చూసి డ్రైవరు ఆపాడు.

"ఎవరమ్మా పోయింది?" అని కిటికీలోంచి ఒకాయన అడిగాడు.

ముందు కొస మోస్తున్న ఆమె ఆగింది.

"రోజూ మిమ్మల్ని భుజం అడిగినోడే బాబూ," అంది.

అడిగినాయన రైలు దిగాడు. తర్వాత ఇంకొకాయన. తర్వాత పెట్టె పెట్టెంతా దిగింది. మెడలో ఉత్తరీయం ఉన్నవాళ్ళు, కాలికి బూట్లున్నవాళ్ళు, చేతిలో పిల్లలున్నవాళ్ళు బురదలో దిగి భుజాలు మార్చుకుంటూ గాసిని మోశారు. బతికి ఉండగా అడిగి అడిగి గొంతు పోగొట్టుకున్నవాడికి, పోయాక అన్ని భుజాలు! పోలమ్మ అది చూసి ఏడవలేదు. "దిగడం ఇంత సులువా?" అని మాత్రం అంది.

పొగమెట్ట రైలు ఇప్పటికీ ఉంది. పాతదని ముచ్చటపడి జనం వస్తారు, ఎక్కుతారు, ఫొటోలు తీసుకుంటారు. ఒక మలుపు దగ్గర అది ఆగుతుంది. అక్కడ స్టేషను లేదు, బోర్డు లేదు. గాసి మలుపు అంటారు. గార్డు దిగి, కొండ వైపు తిరిగి, నోటికి రెండు పక్కలా చేతులు పెట్టి పిలుస్తాడు.

"భుజం కావాలా?"

రైలంతా ఊపిరి బిగపట్టి వింటుంది. జవాబు లేకపోతే పెద్దవాళ్ళు "హమ్మయ్య" అంటారు. రైలు కదులుతుంది.

పై గూడేలకి ఇంకా రోడ్డు పడలేదు, జబ్బుపడితే ఇప్పటికీ డోలీయే. వానాకాలంలో జవాబు వస్తుంది.