ఒక్క బెల్టు జీపు

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను తారుమారు చేస్తానేమో. జరిగింది మాత్రం ఇదే.

వెలిగొండల్లో ఒక గుట్ట మీద ఫకీరు జలీల్ షా, ఆయన శిష్యులు ఉండేవారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి జబ్బు చేసినా కిందికి దించడానికి వాళ్ల దగ్గర ఒక పాత జీపు ఉండేది. దారి పేరుకే దారి. అన్నీ రాళ్లు, మధ్యలో రెండు వాగులు. జీపు తోలేది పీరయ్య, బాగుచేసేది ఖలందర్. ఇద్దరూ షాగారి శిష్యులే. పీరయ్య వయసులో ఖలందర్ కన్నా చాలా పెద్ద.

జీపు ఇంజనుకు మూడు వీ-బెల్టులు. ఫ్యానుకొకటి, డైనమోకొకటి, స్టీరింగు పంపుకొకటి. వాగులో తడిస్తే చాలు, జారిపోతూ కీచుమని అరిచేవి. మూడూ పీకేసి, అన్నింటినీ తిప్పే పొడుగాటి సర్పెంటైన్ బెల్టు ఒక్కటి వేయాలని ఖలందర్‌కు మహా కోరిక. మూడుంటే, ఒకటి తెగినా మిగతావి తిరుగుతాయి. ఉన్న ఒక్కటీ తెగితే అన్నీ ఆగిపోతాయి. ఆ సంగతీ అతనికి తెలుసు. అందుకే గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"హజ్రత్, ఏది వెయ్యమంటారు?"

"బండి తోలేది ఎవరు నాయనా?"

"పీరయ్య మామ."

"అతన్ని అడుగు."

ఖలందర్ అడగలేదు. కొత్త బెల్టు బిగించాక పిలిచి చూపించాడు.

పీరయ్య వంగి చూశాడు. "బాగుందబ్బీ. ఇట్లాంటిదే ఇంకోటి తెచ్చి సీటు కింద పడెయ్," అన్నాడు.

"నేను బిగించింది తెగుతుందా మామా? తెగితే నీ తలపాగా ఉందిగా, అది చుట్టుకుందాంలే!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. పీరయ్య కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

నిజం చెప్పాలంటే బెల్టు బాగానే పనిచేసింది. వానలున్నన్నాళ్లూ ఒక్క కీచు లేదు. ఖలందర్ వచ్చినవాళ్లకల్లా బానెట్ ఎత్తి చూపించేవాడు.

కార్తీకంలో పీరయ్య కోడలు లింగమ్మకు నొప్పులొచ్చాయి. కాన్పు అడ్డం తిరిగింది. భయపడుతున్న పిల్లకు ధైర్యంగా ఉంటుందని ఖలందర్, పీరయ్య కొడుకులతో పాటు షాగారు కూడా జీపెక్కారు. రెండో వాగులో గులకరాయి ఒకటి ఎగిరి బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కుంది. బెల్టు పేలికలైపోయింది. స్టీరింగు బిగుసుకుంది. ఇంజను కుతకుతలాడి ఆగిపోయింది.

అందరూ ఖలందర్ వైపు చూశారు. పీరయ్య ఒక్కడే చూడలేదు. సీటు కిందా చూడలేదు. వెనక సీటు బల్ల ఊడదీసి, కోడలిని దాని మీద పడుకోబెట్టాడు. పీరయ్య, అతని కొడుకు, ఖలందర్, డెబ్బయ్యేళ్ల షాగారు, నలుగురూ తలో మూలా భుజానికెత్తుకొని తారురోడ్డు దాకా దించి, అక్కడ దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్చారు.

బిడ్డ దక్కింది. లింగమ్మ దక్కుతుందో లేదో కొన్నాళ్ల వరకు ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి ఆమే కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది.

ఆసుపత్రి దగ్గరున్నన్నాళ్లూ పీరయ్య ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండునని ఖలందర్‌కు అనిపించేది. ఎదురుపడలేక, అందరూ తినిపోయాక వచ్చి అడుగున మిగిలింది తినేవాడు.

అందరూ గుట్టకు తిరిగొచ్చిన సాయంత్రం ఖలందర్ తెగిన బెల్టు పట్టుకొని షాగారి దగ్గరికి వెళ్లాడు.

"హజ్రత్, ఇప్పుడు చెప్పండి. మళ్లీ ఇలాంటిదే వెయ్యనా, పాతవి మూడూ వేసెయ్యనా?"

షాగారు అతని వైపు తిరిగారు. ఆయన భుజం వాచి, నల్లగా కమిలి ఉంది. ఖలందర్ పొయ్యి దగ్గరికి పరుగెత్తి, నూనె వెచ్చబెట్టి తెచ్చాడు.

"కూర్చోండి హజ్రత్. రాస్తాను."

షాగారు గిన్నె అందుకున్నారు. లేచి, వాకిలి దాటి, పీరయ్య గుడిసె అరుగు మీద అతని వెనక కూర్చొని రాయడం మొదలుపెట్టారు. పీరయ్య భుజం ఇంకా ఘోరంగా ఉంది. దిగుడులో ఎక్కువ బరువు పడే ముందు మూల మోసింది అతనే. కళ్లు తప్పించుకు తిరిగిన ఖలందర్ ఆ భుజాన్ని అప్పుడే చూశాడు.

"అయ్యో సామీ! మీరు నాకు రాసేదేంది?"

"కదలొద్దు పీరయ్యా."

ఖలందర్ వాకిట్లోనే నిలబడిపోయాడు. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు.

పీరయ్య తల తిప్పాడు. "ఏందబ్బీ, ఏ బెల్టు ఎయ్యాలో అడగను వచ్చినావా?"

"కాదు మామా." బెల్టు చేతిలోంచి జారి కింద పడింది.

షాగారు అరుగు మీద కొంచెం పక్కకు జరిగారు.

"రా నాయనా. నూనె ఇంకా వెచ్చగానే ఉంది."

సుభద్రా, నేను చెప్పింది రాయడం అయ్యాక పేర్లు ఒకసారి సరిచూడమ్మా. ఆ కోడలు పిల్ల లింగమ్మే కదా?